బాలింత కంచంలో ఏముందో చూడండి: పురిటింటి పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అమ్మమ్మలకి, నానమ్మలకి, అత్తగార్లకి, అమ్మలకి, పురిటింట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లందరికీ నమస్కారం.

మా చెల్లి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. బిడ్డ పుట్టి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. మొన్న ఆదివారం చూడ్డానికి వచ్చిన మా పెద్దమ్మ, బిడ్డని ఒళ్లోకి తీసుకుని, దిష్టి తీసి, చేతిలో డబ్బులు పెట్టి, ఆ తర్వాత చెల్లి చేత ఒక స్టీలు స్పూనులోకి నాలుగు చుక్కల పాలు పిండించి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసింది. "నీళ్లలా ఉన్నాయే తల్లీ, ఇవి తాగితే బిడ్డకి ఒంటబట్టేది ఏముంటుంది, ఓ డబ్బా తెప్పించండి" అంది. ప్రేమతోనే అంది, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. మా చెల్లి మాత్రం ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆ రాత్రి బిడ్డ కదిలిన ప్రతిసారీ "అక్కా, నా పాలు మంచివేనా" అని అడుగుతూనే ఉంది.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్ల కిందట ఇదే గదిలో, ఇదే మంచం మీద నేనూ అడిగాను. నేను కాలేజీలో ఆహార శాస్త్రం పాఠాలు చెప్పేదాన్ని, అయినా పురిటి మంచం మీద ఉన్నప్పుడు చదువుకున్నదంతా ఎటో పోయింది, పెద్దవాళ్లు ఏమంటే అదే నిజమనిపించింది. పద్దెనిమిదో రోజున పాపకి డబ్బా పాలు మొదలుపెట్టారు. డబ్బా పట్టాక పాప నా దగ్గర తాగడం తగ్గించింది, తాగడం తగ్గేసరికి పాలు తగ్గాయి, పాలు తగ్గేసరికి "చూశావా, మేం ముందే చెప్పాం కదా" అన్నారు. మూడో నెలకి పూర్తిగా డబ్బానే. అప్పుడు నోరు తెరిచి చెప్పలేకపోయినవన్నీ ఇప్పుడు చెల్లి కోసం రాస్తున్నాను, మీ ఇళ్లలో కూడా ఒక చెల్లి ఉంటుంది కాబట్టి మీకూ పంపుతున్నాను.

ముందు ఆ "పలచన" సంగతి చెప్పనివ్వండి. మనం పుట్టినప్పటి నుంచి చూసేవి గేదె పాలు. వెన్న శాతం ఆరేడు దాకా ఉండే పాలు, కాచితే వేలెడు మీగడ కట్టే పాలు. ఆ కంటితో తల్లి పాలను చూస్తే అవి నీళ్లలాగే కనిపిస్తాయి. తల్లి పాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. వంద మిల్లీలీటర్లలో చక్కెర 7 గ్రాముల దాకా, కొవ్వు 3 నుంచి 4 గ్రాములు, మాంసకృత్తులు దాదాపు ఒక గ్రాము. గేదె పాలలో మాంసకృత్తులు దీనికి నాలుగు రెట్లు ఉంటాయి, ఎందుకంటే దూడ కొన్ని నెలల్లోనే బాగా ఒళ్లు చేయాలి, మన బిడ్డకి ఆ తొందర లేదు, ముందు మెదడు పెరగాలి, దానికి కావలసిన చక్కెర ఈ పాలలో దండిగా ఉంది. పైగా మొదట వచ్చే పాలు ఎప్పుడూ పలచగా, కాస్త నీలంగా ఉంటాయి, రొమ్ము ఖాళీ అయ్యే కొద్దీ కొవ్వు పెరిగి చిక్కబడతాయి. స్పూనులో పట్టిన నాలుగు చుక్కలు మొదటి చుక్కలే కదా. అదే బిడ్డ ఒక పక్క పూర్తిగా తాగేశాక పిండి చూస్తే మా పెద్దమ్మ వేరే మాట అనేది.

ఇక అసలు విషయం. తల్లి తిండికీ పాలకీ సంబంధం ఉందా అంటే ఉంది, కానీ మనం అనుకునే చోట లేదు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, అది 1918లో తమిళనాడు కూనూరులో ఒక గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు చేతుల మీద మొదలైంది, 1950ల చివర హైదరాబాద్‌కి వచ్చింది. ఆ కూనూరులోనే 1950ల్లో డాక్టర్ సి.గోపాలన్ పేద తల్లుల పాలను పరీక్షించారు. అరకొర తిండి తినే ఆ తల్లుల పాలలో కూడా చక్కెర, మాంసకృత్తులు బాగా తినే తల్లుల పాలకి దగ్గరగానే ఉన్నాయి. తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరిశోధనల్లోనూ అదే తేలింది. బిడ్డకి ఇవ్వాల్సిన వాటా ముందు తీసి పక్కన పెట్టి, మిగిలితే తాను వాడుకునేలా తల్లి ఒళ్లు తయారై ఉంది.

ఇది విన్న వెంటనే "అయితే ఏం తిన్నా ఫరవాలేదన్నమాట" అనకండి, దయచేసి. పాలలోకి రోజుకి 200 నుంచి 300 మిల్లీగ్రాముల కాల్షియం వెళ్తుంది. తల్లి ఏం తింది అనేదాన్ని బట్టి ఆ లెక్క పెద్దగా మారదు, మారేది తల్లి ఎముక. పాలిచ్చే నెలల్లో ప్రతి తల్లి ఎముకా కొంత కరుగుతుంది, పాలు మానిపించాక మళ్లీ కూడుకుంటుంది, కానీ కూడుకోవడానికి ఆమెకి తిండి ఉండాలి, కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం ఉండాలి. ఫోలిక్ యాసిడ్ కూడా అంతే. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారు చేసి ప్రపంచానికి ఇచ్చిన విటమిన్ అది. తల్లి ఒంట్లో తక్కువగా ఉన్నా పాలలో మాత్రం సరిపడా ఉంటుంది, తల్లికే రక్తం తగ్గుతుంది. ఐరన్ మాత్ర వేసుకున్నా పాలలో ఐరన్ పెరగదు, వేసుకోకపోయినా తగ్గదు. కాన్పు తర్వాత ఆరు నెలలు, అంటే 180 రోజులు, రోజుకొకటి వేసుకోమని ప్రభుత్వం ఇచ్చే ఆ మాత్ర పూర్తిగా తల్లి కోసమే, ఆమె లేచి నిలబడటం కోసమే. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. పాలకి వేడి చేస్తుందనో, బిడ్డకి విరేచనం నల్లగా వస్తుందనో ఆ మాత్రలు మాన్పించే ఇళ్లు నేను చాలా చూశాను. మాన్పించకండి.

పాలు నిజంగా మారిపోయేది కొన్ని విటమిన్ల దగ్గర. తల్లి ఒంట్లో లేకపోతే పాలలోనూ ఉండవు, పక్కన పెట్టి ఇచ్చే వీలే లేదు. అందులో మొదటిది బి1, దాన్నే థయమిన్ అంటారు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది మన ఊళ్ల కథ.

ఒకప్పుడు ఉత్తర సర్కారులు అనే వాళ్లు చూడండి, మా గోదావరి జిల్లాలు, విశాఖ వైపు అంతా, మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి జబ్బుకి పేరుపడ్డ ప్రాంతం అది. ఆ కూనూరు సంస్థ మొట్టమొదట పుట్టిందే బెరిబెరి మీద విచారణ కోసం. బియ్యం మరలు వచ్చాక తవుడు మొత్తం పోయేలా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినడం పెరిగింది, ఆ తవుడుతో పాటే బి1 పోయింది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ జబ్బు కనిపించలేదు, ఎందుకంటే వడ్లు ఉడకబెట్టేటప్పుడు బి1 గింజ లోపలికి దిగుతుంది. పెద్దవాళ్లకి కాళ్లు లాగడం, తిమ్మిర్లు, వాపులు. పిల్లల్లో మాత్రం వేరు. రెండు మూడు నెలల బిడ్డ, తల్లి పాలు తాగుతూ చక్కగా ఉన్న బిడ్డ, ఉన్నట్టుండి పాలు కక్కుతుంది, ఎగశ్వాస పడుతుంది, ఏడుస్తుంది కానీ గొంతులోంచి శబ్దం రాదు. గంటల్లో గుండె ఆగిపోవచ్చు. తల్లి చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది, అందుకే పాలని ఎవరూ తప్పుపట్టరు, గాలి సోకిందంటారు. అప్పట్లో కూనూరు సంస్థకి డైరెక్టరుగా ఉన్న ఐక్రాయిడ్, కృష్ణన్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి 1941లో ఈ బెరిబెరి ప్రాంతపు శిశు మరణాల మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. సూదిమందుగా బి1 ఇస్తే ఇదే బిడ్డ గంటల్లో తేరుకుంటుంది. మందు అంత తేలిక, తెలియకపోతే ప్రాణం పోవడమూ అంతే తేలిక.

ఇది పాత కథే కదా అనిపించవచ్చు. కశ్మీర్ డాక్టర్లు ఈమధ్య సంవత్సరాల్లో కూడా ఇలాంటి పిల్లల్ని చూశారు. అక్కడా బాలింతకి పథ్యమే, తెల్ల బియ్యమే, కడిగి కడిగి వండటమే.

ఇప్పుడు మన పురిటింటి కంచం గుర్తు చేసుకోండి. బాగా పాలిష్ పట్టిన పాత బియ్యం, అది కూడా నాలుగు నీళ్లు పోసి కడిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, గంజి వార్చి పెట్టిన అన్నం. బి1 నీళ్లలో కరిగే విటమిన్, మిగిలిన కాస్తా ఆ కడుగులోనూ గంజిలోనూ పోతుంది. ఆ అన్నంలోకి వెల్లుల్లి కారం, నెయ్యి. పప్పు వాతం చేస్తుందని పెట్టం, పెరుగు జలుబు చేస్తుందని పెట్టం, పండ్లు చల్లవని పెట్టం, వేరుసెనగలు పైత్యమని పెట్టం. బి1 ఉండేవి ఏవో చూస్తే పప్పులు, వేరుసెనగలు, నువ్వులు, తవుడు పోని బియ్యం. అంటే నెల రోజుల పాటు ఆ విటమిన్ వచ్చే దారులు మనమే ఒక్కొక్కటిగా మూసేస్తున్నాం.

"మేమంతా ఇదే పథ్యం తిని పిల్లల్ని కన్నాం, పెంచాం, మీరందరూ బతికే ఉన్నారు కదా" అంటారు మా అమ్మ. న్యాయమైన ప్రశ్నే. నేను ఆవిడకి చెప్పిందే మీకూ చెబుతాను. ఈ పథ్యం పుట్టిన కాలంలో ఇంట్లో రోలు ఉండేది, రోకలి ఉండేది, దంపుడు బియ్యం ఎర్రగా ఉండేవి. గంజి పారబోసేవాళ్లు కాదు, ఉప్పేసుకుని తాగేవాళ్లు. ఆ బియ్యంతో చేసిన పథ్యం వేరు, ఇవాళ సంచీలో మల్లెపూవులా వచ్చే బియ్యంతో చేసే పథ్యం వేరు. మాట అదే ఉంది, కంచంలో వస్తువు మారిపోయింది. ఇంకోటి కూడా చెప్పక తప్పదు, చెప్పడానికి బాధగానే ఉంది. మా అమ్మమ్మకి పుట్టినవాళ్లు తొమ్మిదిమంది, దక్కినవాళ్లు ఐదుగురు. పోయిన నలుగురిలో ఇద్దరు మూడు నెలల లోపు వాళ్లే. ఎందుకు పోయారో ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు, తెలిసినట్టు ఇక్కడ రాయను. కానీ "అందరూ బతికారు" అనే మాటలో వాళ్లు లేరు.

రెండోది బి12. 1962లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు ఆరుగురు పసిపిల్లల గురించి ప్రపంచానికి చెప్పారు. అంతా తల్లి పాలు తాగే పిల్లలే, తల్లులు శాకాహారులు, తల్లి ఒంట్లోనూ పాలలోనూ బి12 లేదు. అప్పటిదాకా నవ్విన బిడ్డ నవ్వడం మానేస్తుంది, నిలిపిన మెడ వాల్చేస్తుంది, చేతులు నల్లబడతాయి, వణుకుతాయి. బి12 ఇవ్వగానే పిల్లలు మళ్లీ తెలివిలోకి వచ్చారు. ఈ విటమిన్ మొక్కల్లో ఉండదు, పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే ఉంటుంది. గుడ్డు ముట్టని ఇళ్లలో బాలింతకి మిగిలేది పాలు, పెరుగు, మజ్జిగ మాత్రమే, పథ్యం పేరుతో పెరుగూ మజ్జిగా కూడా ఆపేస్తే ఇక ఏముంది? అలాంటి ఇళ్లవాళ్లు గర్భంతో ఉన్నప్పుడే డాక్టరుని అడిగి బి12 చూపించుకోండి. బిడ్డ మెదడు పెరిగే నెలలవి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అయోడిన్ కూడా తల్లి తిండి నుంచే పాలలోకి వెళ్తుంది, కాబట్టి పురిటి వంటకి కల్లుప్పే మంచిదని ప్రత్యేకంగా తెప్పించకండి, అయోడిన్ కలిపిన మామూలు ఉప్పు వాడండి. విటమిన్ ఎ కూడా తల్లి నుంచే, మునగాకు, తోటకూర, గుడ్డు, నెయ్యి పెట్టండి. విటమిన్ డి మాత్రం ఏ తల్లి పాలలోనైనా తక్కువే, అందుకే బిడ్డకి రోజుకి 400 యూనిట్ల చుక్కలు వేయమని పిల్లల డాక్టర్లు చెబుతారు, అది తల్లి పాలలో లోపం ఉందని కాదు. ఇక కొవ్వు. పాలలో కొవ్వు ఎంత అనేదాని కంటే ఎలాంటి కొవ్వు అనేది తల్లి తిండిని బట్టి బాగా మారుతుంది. మెదడుకీ కంటికీ కావలసిన కొవ్వు చేపల్లో ఉంటుంది. సముద్రం పక్క ఊళ్లలో బాలింతకి సొరపిట్టు పెడతారు, మంచి ఆచారమే, అయితే సొర పెద్దది అయ్యే కొద్దీ దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి ఎప్పుడో ఒకసారి పిల్ల సొర పెట్టి, తరచుగా మాత్రం కవళ్లు, కానాగంతల్లాంటి చిన్న చేపలు పెట్టండి, ధర కూడా తక్కువ.

నేను పథ్యాన్ని మొత్తంగా తీసిపారేయడం లేదు. తెలగపిండి మునగాకు కూర పాలు పడాలని పెడతారు కదా, నూనె తీసిన నువ్వుల పిండి అది, మాంసకృత్తులు, కాల్షియం రెండూ ఉన్న తిండి, దాన్ని కనిపెట్టిన ముసలమ్మకి నా దండం. మెంతులు, శొంఠి, వెల్లుల్లి, కాయం అన్నీ పెట్టండి. నలభై రోజులు మంచం దిగనివ్వకపోవడం, వేడినీళ్లు కాచి పోయడం, ఒళ్లు పట్టడం, ఇవి ఎంత గొప్ప విషయాలో పరాయి దేశాల్లో ఒంటరిగా కాన్పు అయిన మన ఆడపిల్లల్ని అడగండి, ఫోన్లో ఏడుస్తారు. నా గొడవ అంతా "వద్దు" అనే జాబితాతోనే. ముఖ్యంగా నీళ్లు. పొట్ట జారుతుందని గుక్కెడు నీళ్లకి లెక్కపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రోజుకి ముప్పావు లీటరు పాలు ఒంట్లోంచి బయటికి పోతుంటే దాహం వేయదా? నీళ్లు ఎక్కువ తాగితే పాలు పెరగవు, అది నిజమే, కానీ దాహం వేసిన మనిషికి నీళ్లు ఇవ్వకపోవడం ఏ వైద్యం కిందా రాదు.

ఎంత ఎక్కువ తినాలి అని అడుగుతారు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కేలరీలు, 17 గ్రాముల మాంసకృత్తులు అదనంగా కావాలని, ఆరు నుంచి పన్నెండో నెల దాకా 520 కేలరీలు, 13 గ్రాములు అదనంగా కావాలని హైదరాబాద్ సంస్థ వాళ్ల లెక్క. అంకెలు వదిలేయండి. మామూలుగా తినే తిండి మీద ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, గిన్నెడు పప్పు, ఇంకో గరిటెడు అన్నం, గుప్పెడు వేరుసెనగలు. అంతే. ఇవన్నీ మన వంటింట్లో ఉన్నవే. రోజూ పెడుతున్నామా, ఆమె తిన్నదాకా పక్కన కూర్చుంటున్నామా అన్నదే నా ప్రశ్న. ఎందుకంటే బిడ్డ ఏడుస్తుంటే అన్నం చల్లారిపోతుంది, చల్లారిన అన్నం బాలింత తినకూడదంటారు, అలా ఎన్ని పూటలు పోతాయో లెక్క ఉండదు.

తిండి తర్వాత మనసు, నిద్ర. పాలు తయారవడం వేరు, దిగడం వేరు. బిడ్డ చీకినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోను పని చేస్తేనే పాలు దిగుతాయి, భయం, నొప్పి, టెన్షన్ దాన్ని అడ్డుకుంటాయి. పాలు ఉండి కూడా రావు. "నీకు పాలు లేవు" అని పదిమంది ముందు అనడం వల్లే పాలు ఆగిపోయే రోజులు ఉంటాయి. నా విషయంలో అదే జరిగిందని నా నమ్మకం. మళ్లీ పాలు పెంచేది కాయమూ కాదు, పౌడరూ కాదు, బిడ్డ చీకడమే. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రాత్రి కూడా. ఖాళీ అయిన కొద్దీ ఊరుతాయి, నిలవ ఉంచితే తగ్గుతాయి. డబ్బా పట్టిన ప్రతి పూటా ఆ పూట పాలు ఊరవు. ఆసుపత్రిలో మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టమని చెప్పేదీ ఇందుకే. ఇందాక చెప్పిన 2019-21 సర్వే ప్రకారం దేశంలో పుట్టిన గంటలోపు తల్లి పాలు అందిన పిల్లలు నూటికి 42 మంది మించలేదు. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం నాకించడం ఆపేయండి, దాని గురించి ఇంతకంటే రాయను.

నా ఉత్తరం ఇంట్లో మంచం మీద పడుకోగలిగిన బాలింతల గురించే ఉందని నాకు తెలుసు. మా వీధి చివర ఉండే ఒకమ్మాయి, కాన్పు అయిన ఇరవయ్యో రోజుకే నాలుగిళ్లలో పనికి వెళ్లడం మొదలుపెట్టింది. పొద్దున్న ఆరింటికి పాలిచ్చి వెళ్తే మళ్లీ పదకొండు దాటాకే. మధ్యలో రొమ్ములు గడ్డకట్టి, జాకెట్ తడిసి, బాత్రూంలో పిండి పారబోసుకునేది. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి చట్టం 26 వారాల జీతంతో సెలవు ఇస్తుంది, అదీ చాలావరకు పదిమంది, ఆపైన పనిచేసే చోట్లే. మిరప కోతకి వెళ్లే తల్లికి, పొగాకు కట్టే తల్లికి, ఇళ్లలో అంట్లు తోమే తల్లికి ఆ చట్టంలో చోటు లేదు. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికీ, కాన్పు తర్వాత ఆరు నెలల దాకా తల్లికీ ఉచితంగా భోజనం హక్కుగా ఇచ్చింది, అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, భోజనం అందుతున్నాయంటే దాని వెనక ఇదే. ఆరు నెలలతో ఆ హక్కు ఆగిపోతుంది, ఇందాక చెప్పిన లెక్క మాత్రం పన్నెండు నెలల దాకా ఉంది. ఈ తేడా సరిచేయమని అడగాల్సింది మహిళా శిశు సంక్షేమ శాఖని, అడుగుతాను. మీ చేతిలో ఉన్నది వేరే ఉంది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి బాలింత అయితే రెండు నెలలు జీతం ఇచ్చి ఇంట్లో ఉండమనండి, లేదా బిడ్డని వెంట తెచ్చుకోనివ్వండి, పదింటికి కూర్చోబెట్టి రెండు గుడ్లు పెట్టండి. మీ పొలంలో కూలికి వచ్చే పాలిచ్చే తల్లిని మందు కొట్టిన చేలోకి దింపకండి. పురుగుమందుల్లో కొన్ని ఒంటి కొవ్వులో దాక్కుంటాయి, పాల కొవ్వులోంచి కొంచెం కొంచెంగా బయటికి వస్తాయి. దీని అర్థం తల్లి పాలు మానిపించమని కాదు, అలా చేస్తే బిడ్డకి ఇంకా ఎక్కువ నష్టం. మందు వాసన తగలని పని చూపించమని.

మగవాళ్లకి ఒక్క మాట, ఈ ఉత్తరం మీకు కూడా వర్తిస్తుంది. మీరు సిగరెట్టు గదిలో తాగినా, బయట తాగి వచ్చి ఆ చొక్కాతోనే బిడ్డని ఎత్తుకున్నా బిడ్డకి చేరుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్ట అడ్డపొగ తాగే, అంటే మండే కొసని నోట్లో పెట్టుకుని తాగే అలవాటున్న ఆడవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లు బాలింతలైతే నికోటిన్ నేరుగా పాలలోకి వెళ్తుంది. ఇక రాత్రి బిడ్డకి బట్ట మార్చడం, తేన్పు తెప్పించడం, తల్లికి గ్లాసు నీళ్లు అందించడం, వీటికి పాలు అక్కర్లేదు, మీరు చేయవచ్చు.

"మరి పాలు సరిపోతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది" అని మా అమ్మ అడిగింది. స్పూనులో చూస్తే తెలియదు. మొదటి వారం గడిచాక బిడ్డ రోజుకి ఆరుసార్లకు పైగా ఒంటికి పోస్తోందా, పుట్టినప్పటి బరువు తొలిరోజుల్లో కొంచెం తగ్గినా రెండు వారాలకల్లా మళ్లీ వచ్చిందా, ఆ తర్వాత వారం వారం పెరుగుతోందా, ఇవి చూడాలి. అంగన్‌వాడీలో తూకం ఉంటుంది. బరువు పెరగకపోతే, ఒంటికి పోయడం తగ్గితే, ఏడుపులో శబ్దం పోతే, ఊపిరి ఎగదన్నుతుంటే అప్పుడు వెంటనే డాక్టరు. ఆ వెళ్లినప్పుడు బిడ్డ ఒక్కదాన్నే చూపించి వచ్చేయకండి. తల్లి ఏం తింటోందో డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పండి, పథ్యంలో ఏవేవి మానేసిందో కూడా చెప్పండి, అవసరమైతే ఆమెకి రక్త పరీక్ష చేయించండి. నన్ను అప్పట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈ ఉత్తరం మీకు పంపే ముందు మా అమ్మకి చదివి వినిపించాను. సగంలో లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది, కోపం వచ్చిందేమో అనుకున్నాను. కాసేపటికి చెల్లి కంచంలో వెల్లుల్లి కారం పక్కన కందిపప్పు కూడా వేసి తెచ్చింది. "ఇరవై రోజులకే పప్పా" అని తనలో తనే అనుకుంటూ వేసింది, పొట్టుబ్బరం వస్తే తన పూచీ కాదంది. చెల్లి రెండోసారి కూడా వేయించుకుని తింది. మర్నాడు పొట్టకి ఏమీ కాలేదు. పెద్దమ్మకి ఫోన్ చేసి స్పూను సంగతి, గేదె పాల సంగతి అన్నీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి దాని మనసు కష్టపెట్టానా" అని అడిగింది. వచ్చే ఆదివారం తెలగపిండి పట్టుకుని వస్తుందట, వాళ్ల పెరటి కోళ్ల గుడ్లు కూడా తెస్తానంది.

మీ ఇంటి ఆడపిల్లల్లో ఒకతె,
కాకినాడ